బోర్డు మీది నాణెం కథ నిజమేనా? న్యూయార్క్ వీధి బాస్కెట్‌బాల్ చూసినవాళ్లు చెప్పండి

క్వీన్స్‌వాసి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఈ వేసవిలో వాడికి బాస్కెట్‌బాల్ తప్ప మరో లోకం లేదు. మా వీధి చివరి పార్కులో తనకన్నా పెద్ద పిల్లలతో ఆడి, దీపాలు పెట్టే వేళకు మోకాళ్లు గీరుకుని ఇంటికి వస్తున్నాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు: "నాన్నా, ఎర్ల్ మానిగాల్ట్ అనే ఆటగాడు ఎగిరి, రింగు వెనకుండే బోర్డు పైఅంచు మీద పెట్టిన నాణేన్ని తీసేవాడట. నిజమేనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ కథ నేనూ విన్నాను. 2005లో న్యూయార్క్ వచ్చిన కొత్తలో, పని ముగిసిన సాయంత్రాల్లో వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్ స్టేషన్లో దిగేవాణ్ణి. మెట్లెక్కి సిక్స్త్ అవెన్యూ మీదికి రాగానే ఎత్తయిన ఇనుప కంచె, దాని వెనక ఆట. ఆ కోర్టును అందరూ పంజరం అనే పిలుస్తారు. మామూలు కోర్టు కన్నా చిన్నది. గీత దాటితే కంచే. బంతి కోసం తోసుకున్నప్పుడు ఆటగాడు వచ్చి ఆ కంచెకు కొట్టుకుంటాడు, ఆ అదురు బయట దాన్ని పట్టుకుని నిలబడిన మన వేళ్లలోకి పాకుతుంది. 1977 నుంచి అక్కడ వేసవి టోర్నమెంటు నడుస్తోంది. ఒక సాయంత్రం నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు ఇదే మానిగాల్ట్ కథ చెప్పారు. అయితే ఆయన కథలో నాణెం కాదు, డాలరు నోటు. ఎగిరి నోటు తీసుకుని, చిల్లర తిరిగి అక్కడే పెట్టి దిగేవాడట!

కొడుకుకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాగని వాడి కళ్లలో వెలుగు ఆర్పడమూ ఇష్టం లేదు. ఇక్కడ పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లు, ఆ కోర్టుల్లో ఆడినవాళ్లు ఉన్నారని తెలుసు. ఆ పనిని కళ్లారా చూసినవాళ్లను మీలో ఎవరైనా కలిశారా? నేను వాడికి ఏమని చెప్పాలి?

కొలబద్ద

వృత్తిరీత్యా నేను కట్టడాల ఇంజనీరును, కాబట్టి నాకు తెలిసిన దారిలోనే వస్తాను.

రింగు ఎత్తు పది అడుగులు, అంటే 3.05 మీటర్లు. ప్రామాణికమైన బోర్డు పైఅంచు రింగుకు మరో మూడు అడుగుల పైన ఉంటుంది. మొత్తం పదమూడు అడుగులు. మానిగాల్ట్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం అంటారు. ఆ ఎత్తు మనిషి నిలబడి చెయ్యెత్తితే వేలికొసలు దాదాపు ఎనిమిది అడుగులకు చేరతాయి. మిగిలిన అయిదు అడుగులు ఎగరాలి. చెయ్యి అంచును తాకితే చాలదు, పైకి దాటి నాణేన్ని వేళ్లతో పట్టాలి. అయిదడుగులు నిలువుగా లేవాలంటే నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకే వరకు 1.1 సెకన్లు గాలిలో ఉండాలి. చదవడానికి చిన్న అంకె. చెయ్యెత్తి ఎగిరి, మీరే మనసులో లెక్కపెట్టి చూడండి. అద్భుతంగా ఎగిరేవాళ్లు కూడా నాలుగు అడుగుల దరిదాపుల్లోనే ఆగిపోతారు.

మరో సంగతి. ఇదే కథను బ్రూక్లిన్‌కు చెందిన జాకీ జాక్సన్ గురించి కూడా చెబుతారు. ఆయన తర్వాత హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ జట్టులో ఆడారు. అక్కడ అది పావు డాలరు నాణెం. ఒకే కథ ఇద్దరు మనుషుల మీద వాలిందంటే, కథకే కాళ్లున్నాయని అర్థం.

అయినా ఒక్క తలుపు తెరిచి ఉంచుతాను. పాత పార్కుల్లోని బోర్డులన్నీ దీర్ఘచతురస్రాలు కావు. పైన విసనకర్రలా గుండ్రంగా వంగిన ఇనుప బోర్డులు చాలా ఉండేవి. వాటి భుజాలు నడిమి భాగం కన్నా కిందికి ఉంటాయి. తారు నేల కూడా అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉండదు, వాననీరు పోవడానికి వాలుగా వేస్తారు. కాబట్టి "పైఅంచు" అని చెప్పినవాడు ఎక్కడి అంచును చూశాడో, ఏ కోర్టులో చూశాడో తెలియకుండా నేను పూర్తిగా కొట్టిపారేయలేను. పదమూడు అడుగుల దగ్గర మాత్రం నా సమాధానం "కాదు".

155వ వీధి ఎదురిల్లు

కొలబద్ద గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ క్వీన్స్‌వాసి గారు అడిగింది లెక్క ఒక్కటే కాదు కదా.

నేను 1999 నుంచి 2010 వరకు హార్లెంలో 155వ వీధి దగ్గర ఉన్నాను. ఆసుపత్రి ల్యాబులో రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం మూడింటికి మెలకువ. అక్కడి నుంచి పనికి బయలుదేరేదాకా ఉన్న సమయమంతా రకర్ పార్కుకే ఇచ్చాను. ఫ్రెడరిక్ డగ్లస్ బూలవార్డ్ పక్కన ఒక్క కోర్టు, చుట్టూ మెట్ల బెంచీలు. రోడ్డుకు అవతల నాలుగు పెద్ద భవనాలు. ఒకప్పుడు అక్కడ పోలో గ్రౌండ్స్ అనే బేస్‌బాల్ స్టేడియం ఉండేది, 1964లో కూల్చేశారు. వేలమంది పట్టే స్టేడియం పోయింది, ఎదురుగా ఉన్న పిల్లల ఆటస్థలం మిగిలింది. పెద్ద ఆట ఉన్న రోజున చోటు దొరకనివాళ్లు చెట్లెక్కేవాళ్లు, కంచె పట్టుకుని వేలాడేవాళ్లు.

పార్కుకు పేరిచ్చిన హోల్కోంబ్ రకర్ ఆటగాడిగా పేరు పొందిన మనిషి కాదు. పార్కుల శాఖలో ఆటస్థలాల పర్యవేక్షకుడు, బడిపంతులు. 1950 ప్రాంతంలో హార్లెం పిల్లల కోసం టోర్నమెంటు మొదలుపెట్టారు. మొదట్లో ఆటలు జరిగింది ఈ కోర్టులో కాదు, వేరే ఆటస్థలాల్లో. ఆయన పిల్లల మార్కుల కార్డులు తెప్పించుకుని చూసేవారు, ఆటకూ ఆటకూ మధ్య హోంవర్కు దిద్దేవారు. ఒక్కొక్కరు మరొకరికి నేర్పాలన్నది ఆయన పెట్టిన నియమం. ఆ దారిన ఎందరో కాలేజీలకు వెళ్లారు. 1965లో కేన్సర్‌తో పోయేనాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. 1974లో పార్కుకు ఆయన పేరు పెట్టారు. నాకు ఈ కథల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇందులో ఎవరూ ఎగరరు.

నేను చూసిన రోజుల నాటికి అక్కడ నడిచేది ఎంటర్‌టైనర్స్ బాస్కెట్‌బాల్ క్లాసిక్. గ్రెగ్ మారియస్ 1982లో మొదలుపెట్టి తర్వాత ఈ పార్కుకు తెచ్చారు. అక్కడ వ్యాఖ్యాత ఎక్కడో గదిలో కూర్చోడు. మైకు పట్టుకుని కోర్టు లోపలికే వస్తాడు, ఆటగాడి వెన్నంటే నడుస్తాడు. పేర్లు పెట్టేది అతనే. కొత్తగా వచ్చినవాడికి సొంత పేరు ఉండదు, ఎర్ర చొక్కావాడు, పొడుగువాడు, అంతే. ఏదైనా చేసి చూపిస్తే అప్పుడు నామకరణం. రాఫర్ ఆల్‌స్టన్ అనే కుర్రాడు బంతి కొడుతూ గెంతుకుంటూ వెళుతుంటే వ్యాఖ్యాతకు పిల్లల పాట ఒకటి గుర్తొచ్చి, "స్కిప్ టు మై లూ" అన్నాడు. ఆ పేరు అంటుకుపోయింది. అతని ఆట ఉన్న వీడియో టేపు చేతులు మారి, 1990ల చివర ఆండ్ వన్ బూట్ల కంపెనీ టేపుగా దేశమంతా తిరిగింది. అదే ఆల్‌స్టన్ 2009లో అమెరికా వృత్తి ఆటగాళ్ల లీగు అయిన ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఆర్లాండో మ్యాజిక్ తరఫున పాయింట్ గార్డుగా ఆడినప్పుడు, మా వీధిలో చాలామంది అతన్ని ఆ పాత పేరుతోనే పిలుస్తూ టీవీ చూశారు. పేరును తానే అడిగి తీసుకున్నవాడు జూలియస్ ఎర్వింగ్. 1970ల మొదట్లో ఈ కోర్టులో ఆయన్ని ఇంద్రజాలికుడి పేరు మీద హూడిని అని, ఇంకేవో అని పిలిచి చూశారట. పిలవాలనుకుంటే డాక్టర్ అని పిలవండి అన్నాడట ఆయన.

ఇక సాక్షుల సంగతి. పార్కు గేటు పక్క బెంచీ మీద రోజూ కూర్చునే ఒక పెద్దాయనతో నాకు స్నేహం కుదిరింది. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన నోటి నుంచి నేను జో హామండ్ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హామండ్‌ను డెస్ట్రాయర్ అనేవారు. ఎర్వింగ్ జట్టుతో పోటీ ఉన్న రోజున హామండ్ ఆట మొదలయ్యే వేళకు రాలేదు. విరామ సమయానికి వచ్చి, రెండో సగంలోనే 50 పాయింట్లు కొట్టాడు. పెద్దాయన ఒకసారి చెప్పినప్పుడు హామండ్ పెద్ద కారులో దిగాడు. ఇంకోసారి నడుచుకుంటూ వచ్చాడు. ఒకసారి ఆ మధ్యాహ్నం భరించలేని ఎండ, ఇంకోసారి మబ్బు. అయితే విరామం మారలేదు, 50 మారలేదు. నేను ల్యాబు మనిషిని, ఒకే నమూనాను పదిసార్లు పరీక్షిస్తే ఏది కదులుతోందో ఏది కదలడం లేదో చూడటం నా పని. ఆయన మాటను నేను అలాగే విన్నాను.

మానిగాల్ట్ గురించి ఆయన చెప్పిన దాంట్లో నాణెం ఒక్కసారి కూడా రాలేదు. చెప్పింది రెండు. ఒకటి, కుడిచేత్తో బంతిని రింగులోకి కొట్టి, కింద పడుతున్న బంతిని ఎడమచేత్తో అందుకుని, నేలకు దిగేలోపు మళ్లీ రింగులో వేయడం. రెండోది, 60 డాలర్ల పందెం కోసం వెనక్కి తిరిగి వరుసగా 36 డంక్‌లు, అంటే ఎగిరి బంతిని చేత్తోనే రింగులోకి కొట్టడాలు, చేయడం. "నువ్వు చూశావా?" అని అడిగాను. మొదటిది చూశానన్నారు. రెండోది చూసినవాడు చెప్పగా విన్నానన్నారు. నేను నమ్మింది ఆ తేడా చెప్పినందుకే.

2003 ఆగస్టు 14 సంగతి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం రకర్‌లో ఫైనల్. జే జీ తెచ్చిన జట్టు ఒకవైపు, ఫ్యాట్ జో జట్టు ఇంకోవైపు. ఇద్దరూ పాటగాళ్లు, ఇద్దరూ ఎన్‌బీఏ ఆటగాళ్లను పిలిపించారు. ఆ రోజు నాకు సెలవు. ఏదో పని మీద 34వ వీధికి వెళ్లాను. సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలకు కరెంటు పోయింది. నగరమంతా పోయింది, ఇంకా ఎన్నో రాష్ట్రాల్లో పోయింది. రైళ్లు లేవు. నూట ఇరవై వీధులు, ఆరు మైళ్లు నడిచాను. ఆట ఉండదని తెలిసి కూడా ఇంటికి కాక ముందు పార్కుకే వెళ్లాను. నాలాంటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. కోర్టు ఖాళీగా ఉంది. పొద్దు గుంకే వెలుగులో జనం కుర్చీలు బయట వేసుకుని, జరగని ఆటను ఆడుతున్నారు. ఫలానావాడు దిగి ఉంటే ఇవతల ఎవరు అడ్డుకునేవారు, చివరి నిమిషంలో బంతి ఎవరి చేతికి వెళ్లేది, అని. చీకటి పడింది, మాటలు ఆగలేదు. అసలు పోటీ ఎన్నడూ జరగలేదు. అయినా ఆ ఫైనల్ గురించి నేను విన్నన్ని మాటలు జరిగిన ఏ ఫైనల్ గురించీ వినలేదు.

2011 ఆగస్టు 1న కెవిన్ డ్యురాంట్ అదే కోర్టులో 66 పాయింట్లు కొట్టాడు. అప్పటికి నేను ఊరు మారాను, ఫోన్లలో తీసిన వీడియోలోనే చూశాను. గొప్ప ఆట. కానీ దానికి వందల కెమెరాలు సాక్షి కాబట్టి 66 ఎప్పటికీ 66గానే ఉంటుంది. హామండ్‌కు ఆ సౌకర్యం లేదు, మానిగాల్ట్‌కూ లేదు. కానీ కొనీ హాకిన్స్ అనే ఆటగాడి విషయం చూడండి. బ్రూక్లిన్ కుర్రాడు. 1961లో కాలేజీ ఆటల్లో పందెగాళ్ల కోసం పాయింట్లు తారుమారు చేసిన కుంభకోణం బయటపడినప్పుడు, ఏ నేరమూ మోపకుండానే ఆయన చదువూ పోయింది, ఎన్‌బీఏ తలుపూ మూసుకుంది. 1969లో గానీ తెరుచుకోలేదు. ఇరవైల్లో ఉన్న ఆటగాడికి ఎనిమిదేళ్లంటే దాదాపు ఆయుష్షంతా. ఆ ఏళ్లలో ఆయన ఎంతటివాడో చెప్పడానికి చిన్న లీగుల కాగితాలు కొన్ని, మిగతాదంతా పార్కుల్లో చూసినవాళ్ల నాలుకలు. 1992లో బాస్కెట్‌బాల్ మహామహుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చినప్పుడు ఆ నాలుకలు అబద్ధమాడలేదని తేలింది.

మానిగాల్ట్‌కు అలాంటి తీర్పు కూడా దక్కలేదు. బడి నుంచి పంపేశారు, హెరాయిన్ పట్టుకుంది, జైలుకు వెళ్లాడు. తిరిగొచ్చి, ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూలో 99వ వీధి దగ్గర, తాను ఆడిన ఆ కోర్టులోనే, పిల్లలు మత్తుకు దూరంగా ఉండాలని టోర్నమెంటు నడిపాడు. 1998లో గుండె జబ్బుతో 53 ఏళ్లకు పోయాడు. ఎన్‌బీఏలో ఒక్క నిమిషం ఆడలేదు. అయినా 1989లో ఎన్‌బీఏ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్ రిటైరవుతూ, తాను చూసినవాళ్లలో గొప్ప ఆటగాడెవరని అడిగితే ఈయన పేరే చెప్పారు. ఒక మనిషి ఎంత ఎత్తు ఎగిరాడో రాసిపెట్టిన కాగితం ఎక్కడా లేనప్పుడు, చూసినవాళ్లు తమ చేతికందిన కొలతతో కొలిచారు. బోర్డు పైఅంచు ఆ కొలత.

క్వీన్స్‌వాసి గారూ, మీ అబ్బాయి "తీసేవాడట" అన్నాడని రాశారు. ఆ "అట" తీసేయకండి. వాడు సరిగ్గానే చెప్పాడు.

ఏ రైలు

నా మాట కొంచెమే. పైవాళ్ల కథల్లో ఒక్క ఆడపిల్లా లేదు కాబట్టి రాస్తున్నాను.

నాన్సీ లీబర్‌మన్ క్వీన్స్‌లోని ఫార్ రాకవే పిల్ల. 'ఏ' అనే సబ్‌వే రైలును ఆ చివర ఎక్కి హార్లెం దాకా ఒంటరిగా వచ్చి రకర్‌లో మగపిల్లలతో ఆడేది. రైల్లో పెద్దదానిలా, బలంగా కనిపించాలని కోటు లోపల బట్టలు కుక్కుకునేదట. 1976 ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టు రజతం గెలిచినప్పుడు ఆమెకు 18 ఏళ్లు.

నేను ఆడింది క్వీన్స్ పార్కుల్లోనే, పదిహేనేళ్ల పాటు. గొప్పగా ఏమీ కాదు, కానీ మానలేదు. కోర్టులోకి వెళ్లగానే ముందు అడగాల్సింది "తర్వాతి ఆట ఎవరిది?" అని. ఎవరూ తమదని అనకపోతే "నాది" అనాలి, గట్టిగా అనాలి. అన్నవాళ్లే జట్టు కట్టుకోవాలి. గెలిచిన జట్టు కోర్టులో ఉంటుంది, ఓడినవాళ్లు బయటికి వచ్చి మళ్లీ వరుసలో నిలబడాలి. అంపైరు ఉండడు, దెబ్బ తగిలినవాడే ఫౌల్ అని చెప్పాలి. నేను "నాది" అన్న మొదటి సాయంత్రం నా మాట వినిపించనట్టు మరొకరు జట్టు కట్టారు. రెండోసారి బంతి పట్టుకుని నడిమి గీత మీద నిలబడ్డాను. బంతి ఇవ్వలేదు. అప్పుడు వినిపించింది.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ఆ పార్కుల్లో చాలా చోట్ల రింగు రెండు ఇనుప కడ్డీలు అతికించినంత లావుగా ఉంటుంది, పిల్లలు వేలాడినా వంగకుండా. దూరం నుంచి వేసిన బంతి అంచుకు తగిలితే లోపలికి దొర్లదు, టంగుమని ఎగిరిపోతుంది. పైగా గాలి. కాబట్టి దూరం నుంచి వేసే అలవాటు అక్కడ పెరగదు, దూసుకుంటూ రింగు కిందికి వెళ్లడమే పెరుగుతుంది. నేను వేసే రెండు షాట్లూ బోర్డుకు కొట్టి వేసేవే. గాలి ఉన్న రోజు నన్ను ముందు పిలిచేవాళ్లు.

2020 మార్చిలో జనం గుమిగూడకుండా నగరం చాలా పార్కుల్లో రింగులు ఊడదీసింది. మా పార్కులో వట్టి బోర్డు, దాని మీద నాలుగు బోల్టు రంధ్రాలు. కంచె బయట నిలబడి చూసి ఇంటికి వచ్చాక ఆ రోజంతా మాట్లాడలేకపోయాను. రింగు మళ్లీ బిగించిన రోజు, గొలుసుల నెట్టులోంచి బంతి జారిన మొదటి చప్పుడుకు మా భవనంలో మూడు కిటికీలు తెరుచుకున్నాయి.

మీ అబ్బాయిని ఆ 99వ వీధి కోర్టుకు తీసుకెళ్లండి. కథ చెప్పేకన్నా బోర్డు చూపించడం మేలు.

కొలబద్ద

ఎదురిల్లు గారూ, మీ పెద్దాయన చూసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేసి చెప్పారన్నది నాకు చాలా నచ్చింది. గాలిలోనే రెండుసార్లు డంక్ చేయడానికి రింగు పైన చెయ్యి ఎంతసేపు ఉండాలో లెక్కవేశాను. ఎత్తుగా ఎగిరేవాడికి, చేతులు వేగంగా కదిలేవాడికి అది సాధ్యమే. అసాధ్యం అనడానికి నాకు కారణం కనబడలేదు.

క్వీన్స్‌వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం వెళ్లాం.

రైల్లో మావాడికి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను, అంకెలతో సహా. పదమూడు అడుగులు, అయిదు అడుగులు అన్నీ విన్నాడు. కోర్టుకు చేరగానే బోర్డు కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. తర్వాత బెంచీ మీదున్న పెద్దాయన దగ్గరికి తానే వెళ్లి అడిగాడు, మానిగాల్ట్ అక్కడి నుంచి నాణెం తీసేవాడట కదా అని. ఆయన చూపుడువేలితో బోర్డు అంచును చూపి, "అక్కడ కాదు, ఆ మూల" అన్నారు. నాకు కొలబద్ద గారి మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

మధ్యాహ్నం వరకు కూర్చున్నాం. ఒక జట్టుకు అయిదోవాడు తక్కువయ్యాడు. మావాడు నా వైపు చూడకుండానే లేచి, "నేను ఆడతాను" అన్నాడు. గట్టిగానే అన్నాడు. పదకొండు పాయింట్ల ఆట. బంతి వాడి చేతికి ఒక్కసారే వచ్చింది. కుడివైపు నుంచి బోర్డుకు కొట్టి వేశాడు. లావు రింగుకు తగిలి టంగుమని ఎగిరి, కంచె దాకా వెళ్లింది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలంటున్నాడు, జనం రాకముందే.